పదిహేడో బుట్ట

హాలాలోతో, వవాఉ దీవులు
1998 ఆగస్టు 10

చిన్న తమ్ముడు సెమీసీకి అక్క కలోలైనె దీవెనలు.

నీ ఉత్తరం అందింది. పెండలం పండించే ఇంట్లో ఒక మామూలు ఉదయం ఎలా గడుస్తుందో రాయమన్నావు, యూనివర్సిటీలో నీ విద్యార్థులకు చదివి వినిపిస్తానన్నావు. మామూలు ఉదయం గురించి రాయడానికి ఏముంటుందని వారం రోజులు కలం పట్టలేదు. చివరికి జూన్‌లో నువ్వు మన ఊళ్ళో బుట్టల పరీక్ష పెట్టిన రోజునే ఎంచుకున్నాను. నువ్వు పది గంటలకు మొదలుపెట్టావు. అంతవరకూ అది మామూలు ఉదయమే.

నాలుగున్నరకు చర్చి దగ్గర చెక్కడోలు మోగింది. ముఖం కడుక్కుని, మర్యాదకు నడుముకు చాప చుట్టుకుని ప్రార్థనకు బయలుదేరాను. దారిలో సేలా కలిసింది. "ఈరోజైనా పాట కాస్త కింది శ్రుతిలో ఎత్తుకోవే" అన్నాను. "నా గొంతు దేవుడిచ్చాడు. మీ గొంతులు ఎవరిచ్చారో నాకేం తెలుసు" అంది. ఎప్పటిలాగే పైన ఎత్తుకుంది. రెండో చరణానికి ముగ్గురం ఆగిపోయాం. ప్రార్థన నేను చేశాను.

తిరిగి వచ్చేసరికి తెల్లవారింది. తలియాయి తోటనుంచి వచ్చి, గోనె నా గుమ్మం బయట దించి, ఒకసారి దగ్గి వెళ్ళిపోయాడు. తమ్ముడు అక్క గడప తొక్కడు కదా. గోనెలో కహోకహో పెండలాలు, అన్నిట్లోకీ మేలురకం, పద్నాలుగు. మట్టి దులిపి ఏరాను. పొడవైనవి ఐదు మన ఊరి దొరగారికి. నాలుగు పాస్టరుగారికి. మూడు నెయ్‌అఫూ పట్నంలో పెళ్ళివారికి. రెండు మేనత్త ఫిఫితాకు. పద్నాలుగూ అయిపోయాయి.

పక్కింట్లో తలియాయి భార్య ఓఫా కర్రపెండలం ఉడికించింది. పిల్లలు దుకాణం రొట్టె టీలో ముంచుకుని తిని బడికి పరుగెత్తారు. నాకు ఓఫా రెండు కర్రపెండలం ముక్కలు ఆకులో పెట్టి పంపింది.

నీ అట్టపెట్టెలు ఓడలో తడిసి ముద్దయ్యాయని ఎవరి బుట్ట వాళ్ళే తెచ్చుకోమన్నావు. గడపలో కూర్చుని పచ్చి కొబ్బరిమట్టతో అల్లాను. పావుగంట పని. చిన్నప్పుడు సీమపనస కొమ్మ పడి కుడి బొటనవేలు విరిగింది కదా, అప్పటినుంచీ బుట్ట అడుగున జడ నాకు ఎడమకే తిరుగుతుంది. అమ్మ ఎన్నోసార్లు విప్పించి మళ్ళీ అల్లించింది. మారలేదు.

పది గంటలకు బుట్ట మీద అరిటాకు కప్పుకుని బడికి వచ్చాను. ఆ తర్వాతది నీకు తెలుసు.

నీ కోసం ప్రతి పూటా ప్రార్థన చేస్తున్నాను. చలికి కాళ్ళకు మేజోళ్ళు వేసుకో.

అక్క


బ్రిస్బేన్
1998 ఆగస్టు 30

పూజ్యురాలైన అక్కకు,

మీ ఉత్తరం క్లాసులో చదివాను. నూటనలభై మంది. ఒక్కరు కదల్లేదు. సేలా మాటకు మాత్రం హాలంతా నవ్వింది. సేలా కూతురు ఎలేనోవా ఈ ఏడు నా క్లాసులోనే ఉంది కదా, దాని ముఖం ఎర్రబడింది.

తిండి పొలంనుంచి నోటిదాకా ఎవరెవరి చేతులు మారి వస్తుందో చెప్పడం నా పని. పుస్తకంలో బాణాలు గీసి చూపిస్తారు. మీ పద్నాలుగు పెండలాల ముందు ఆ బాణాలు వెలవెలబోయాయి. టూవూంబా వైపునుంచి వచ్చిన ఒక పాడిరైతు కూతురు చెయ్యెత్తి అడిగింది: "పద్నాలుగూ పంచేశారు సరే, మరి ఆవిడ ఎప్పుడు తింటారు?" అందరూ నవ్వారు. "మా ఊళ్ళో ఇవ్వడమే తినడం" అని చెప్పాను. చప్పట్లు కొట్టారు, అక్కా. మీకు కొట్టిన చప్పట్లే అవి.

తర్వాత బుట్టల పరీక్ష వివరించాను. ఇరవైనాలుగు ఇళ్ళు. ఇంటికి పది కహోకహోలు ఇచ్చాం. ఎన్ని ఇంట్లో ఉంచుకుంటారో, ఎన్ని బుట్టలో పెట్టి ఊరి కుప్పకు ఇస్తారో వాళ్ళ ఇష్టం. కుప్పలో పడ్డ ప్రతి దానికీ మేం ఇంకొకటి కలుపుతాం. మొత్తం అన్ని ఇళ్ళకూ సమానంగా పంచుతాం. అందరూ ఇస్తే అందరికీ రెట్టింపు. ఇవ్వకపోయినా వాటా మాత్రం వస్తుంది. ఒక్కొక్కరు ఒంటరిగా గదిలోకి వెళ్ళాలి, టోపీలోంచి అంకె తీసి బుట్టకు కట్టాలి, ఆకు కప్పి వచ్చేయాలి. బుట్టకు అంకె ఉంటుంది, పేరు ఉండదు. ఎవరూ చూడరు. నేను కూడా.

నూటముప్ఫైరెండు వచ్చాయి! ఇంకెక్కడా ఇలా ఇవ్వరు. తెరమీద బుట్టల ఫోటో వేస్తాను. ఆకులు తీసేసి, బల్లెక్కి పైనుంచి తీసింది. ఒక్కొక్క బుట్టలో ఐదు, ఏడు, తొమ్మిది. ఆ వరసలో పదిహేడో అంకె బుట్ట మాత్రం ఖాళీ. అడుగు కనిపిస్తుంది. పిల్లలు దానికి "పదిహేడుగారు" అని పేరు పెట్టారు. "పదిహేడుగారు ఈరోజు ఏం తిన్నారు సార్?" అని నన్ను ఆటపట్టిస్తుంటారు. దేశదేశాల్లో ఇలాంటి పరీక్షలు పెడితే ఊరికొకడు తగులుతాడు, కానీ మన ఊళ్ళో తగలడం నాకే ఆశ్చర్యం.

అక్కా, అంకెలకు పేర్లు నాకు తెలియవు, తెలుసుకోకూడదు కూడా. అయినా నవ్వులాటకే అడుగుతున్నాను. ఎవరై ఉంటారంటారు? నా అనుమానం దుకాణం వాడి మీద.

మీ చిన్న తమ్ముడు,
సెమీసీ


హాలాలోతో
1998 సెప్టెంబర్ 20

సెమీసీకి,

నవ్వులాటకు అడిగావు. ఇక్కడ ఎవరూ నవ్వడంలేదు.

వెళ్ళే రోజు మైకులో చెప్పావు, ఒక ఇల్లు ఒక్కటి కూడా ఇవ్వలేదని. నవ్వుతూ చెప్పావు. నువ్వు ఓడెక్కావు. ఆ మాట ఎక్కలేదు. ఊళ్ళోనే ఉండిపోయింది.

ఆ ఇల్లు కితియోనెది అని తేల్చేశారు. నియువా దీవినుంచి వచ్చి పన్నెండేళ్ళయింది, ఇంకా పరాయివాడే. భూమి లేదు. పందుల కంచె అవతల, ఒడ్డున ఉంటాడు. ఇచ్చే అలవాటు లేనివాడు ఇంకెవడుంటాడు అంటున్నారు. అతను చేపలు తేవడం, మనం తినడం ఎవరికీ గుర్తు లేదు.

మొదట మగవాళ్ళు కూర్చుని కావా తాగేచోట కొబ్బరిచిప్ప అతన్ని దాటి వెళ్ళింది. పోసేవాడు చూడలేదేమో అనుకున్నారట. మరుసటి వారం మళ్ళీ దాటింది. పిల్లలు "ఖాళీబుట్టా!" అని పిలుస్తున్నారు. పోయిన శుక్రవారం తెల్లవారుజామున ప్రార్థనకు అతని భార్య వచ్చి కూర్చుంటే సేలా చాప లాక్కుని జరిగింది. ఇద్దరు ముగ్గురు జరిగారు. నేను ముందు కూర్చుని ఉన్నాను. చాప లాగిన చప్పుడు విన్నాను. ప్రార్థన ఆపలేదు.

ఓఫా అయితే అతను తెచ్చిన చేప పట్టుకుని "పది పెండలాలూ మింగినవాడి చేప మా ఇంట్లో ఉడకదు" అని గట్టు మీద పడేసింది. పిల్లి తినేసింది.

నిన్న సాయంత్రం కితియోనె నా ఇంటికి వచ్చాడు. గుమ్మం ఎదుట తల వంచుకుని నిలబడ్డాడు.

"మీరైనా తీసుకుంటారా అమ్మగారూ?" అన్నాడు. రెండు చేపలు.

తీసుకున్నాను.

"ఆరిచ్చాను అమ్మగారూ. ఇంకా ఇద్దామంటే మా ఆవిడకు నెలలు. బైబిలు తెండి, ప్రమాణం చేస్తాను."

"ప్రమాణం అక్కర్లేదు. నువ్వు కాదని నాకు తెలుసు" అన్నాను.

"మీకెలా తెలుసు?"

చేపలు కడగాలని లోపలికి వెళ్ళాను. చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

అతను కాదని నువ్వు ఊరికి ఒక ఉత్తరం రాయగలవా? రాయగలిగితే త్వరగా రాయి. అతని బిడ్డ పుట్టబోతోంది. ఎవరూ చూడడానికి వెళ్ళరేమోనని భయంగా ఉంది.

అక్క


బ్రిస్బేన్
1998 అక్టోబర్ 9

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడంలేదు. మూడుసార్లు చింపేశాను.

మీ ఉత్తరంలో కితియోనె సంగతి చదివాను. అంకెకు పేరు తెలియనప్పుడు అతను కాదని నేనెలా రాయగలను అని తల పట్టుకున్నాను. పోనీ ఈ పరీక్ష వల్ల జరిగిన కీడు కూడా పిల్లలకు తెలియాలని, సోమవారం మళ్ళీ ఆ ఫోటో తెరమీద వేశాను. "పదిహేడుగారి వల్ల ఒక అమాయకుడు ఊళ్ళో ముఖం చూపించలేకపోతున్నాడు. ఇప్పుడు చెప్పండి, ఈ పదిహేడు ఎలాంటి మనిషి?" అని అడిగాను.

ఒకడు స్వార్థపరుడన్నాడు. ఒకడు దొంగ అన్నాడు. నేను తల ఊపుతున్నాను.

వెనక వరసలోంచి ఎలేనోవా లేచింది. మన భాషలో, కేకలా అంది: "చాలు సార్! అది కలోలైనె పెద్దమ్మ బుట్ట!"

నేను నవ్వాను. నిజంగా నవ్వాను, అక్కా. "బుట్టలన్నీ ఒకటే కదమ్మా" అన్నాను. ఆ పిల్ల మెట్లు దిగి తెర దగ్గరికి వచ్చి, ఖాళీ బుట్ట అడుగుమీద వేలు పెట్టింది. "జడ చూడండి. ఎడమకు తిరిగింది. మొన్న మీరే చదివారు కదా సార్, సీమపనస కొమ్మ సంగతి! ఆరోజునుంచీ మీకు తెలిసే చదివారేమో అనుకుంటున్నాను. తెలిసే ఆమెను నవ్వులపాలు చేస్తున్నారనుకున్నాను."

 ఆ పిల్ల ఆగలేదు. "పన్నెండు మా అమ్మది, అంచు రెండుసార్లు మడుస్తుంది. మూడు ఓఫా అత్తది, తొందర, వదులుగా ఉంటుంది. ఇరవైరెండు కితియోనె భార్యది, వాళ్ళ నియువా అల్లిక." ఐదు నిమిషాల్లో ఇరవైనాలుగూ చదివేసింది. ఇరవైరెండులో ఆరు పెండలాలున్నాయి. వాళ్ళమ్మ బుట్టలో రెండే.

ఆ ఊళ్ళో పుట్టాను. పద్దెనిమిదేళ్ళు ఆ బుట్టల్లో తెచ్చిందే తిన్నాను. బుట్టలో ఏముందో చూశాను తప్ప, బుట్ట ఏ చేతిదో ఏనాడూ చూడలేదు. మగవాళ్ళం ఎవరం చూడం. పేరు ఉండదని ఊరందరి ముందు, పాస్టరుగారి ముందు మాటిచ్చాను. ఇరవైనాలుగు పేర్లు నూటనలభై మంది ముందు తెరమీద పెట్టి ఇన్ని వారాలు నవ్వించాను.

ఫోటో తీసేశాను. జరిగింది యూనివర్సిటీలో మా పెద్దలకు చెప్పాను. ఎవరికీ చెప్పనని ఎలేనోవా మాటిచ్చింది.

కానీ అక్కా, ఇది నిజం కాదు కదా? మీరు అందరికీ బుట్టలు అల్లి ఇస్తారు. ఎవరికో ఇచ్చి ఉంటారు. మీరు ఇంకొకరి బుట్టలో పెట్టి ఉంటారు. ఏదో పొరపాటు జరిగి ఉంటుంది. ఒక్క మాట రాయండి.

సెమీసీ


హాలాలోతో
1998 అక్టోబర్ 25

సెమీసీకి,

పొరపాటు కాదు. అది నా బుట్టే. నేనే ఖాళీగా పెట్టాను.

ఎదురుగా ఉంటే ఇది నీతో చెప్పలేను. నీకు పన్నెండేళ్ళు వచ్చినప్పటినుంచీ, అక్కాతమ్ముళ్ళ మర్యాద ప్రకారం, మనం ఒకే పైకప్పు కింద కూర్చుని నవ్వలేదు. కాగితం మీద కాబట్టి రాస్తున్నాను.

పాడిరైతు కూతురు మంచి ప్రశ్న అడిగింది. నువ్వు తప్పు జవాబు చెప్పావు.

ఇంటికి పెద్దక్కను. తమ్ముళ్ళు పండించినదాంట్లో మంచిది నా గుమ్మానికే వస్తుంది. అది నా హక్కు. కానీ నేను ఉంచుకుంటే ఊరంతా చూస్తుంది. కలోలైనె ప్రార్థన చేస్తుంది, పెండలాలూ దాస్తుంది అంటారు. అందుకని వచ్చిన రోజే ఇచ్చేస్తాను. అమ్మ పోయినప్పటినుంచి ఇరవైఆరేళ్ళుగా కహోకహో ఏరుతున్నాను. విందుల్లో ముక్క రుచి చూశాను. ఒక్క పెండలం నాది అనుకుని, నా పొయ్యి మీద పెట్టుకుని తినలేదు.

ఆరోజు బడి దగ్గర నిలబడి నువ్వు చెప్పావు. ఎవరూ చూడరు, నేను కూడా చూడను అని. మన ఊళ్ళో ఆ మాట ఎవరూ నాతో అనలేదు. గదిలోకి వెళ్ళాను. బల్ల, బుట్ట, పది పెండలాలు. ఆరు పెట్టాను. తీశాను. రెండు పెట్టాను. అవీ తీశాను. దేవుడు చూస్తున్నాడని తెలుసు. ఆయన ఏమీ అనలేదు.

ఆకు కప్పి, గోనె చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాను.

మూడు రోజుల తర్వాత అందరూ పాటల సాధనకు వెళ్ళారు. ఒకటి ఉడికించాను. పిండిలా విడిపోయింది. ఉప్పు, చిక్కటి కొబ్బరిపాలు. గిన్నె ఒళ్ళో పెట్టుకుని తిన్నాను. తలియాయి చిన్న కూతురు సాధన మధ్యలో పారిపోయి గుమ్మం దగ్గరికి వచ్చింది. "అత్తా, ఏం వాసన?" అంది. "కాళ్ళనొప్పులకు ఆకులు కాస్తున్నాను" అన్నాను. వెళ్ళిపోయింది. దానికి కూడా ఒక ముక్క పెట్టలేదు. పెడితే ఇంట్లో చెబుతుంది.

నెలలో పదీ తిన్నాను. ఒక్కటి కూడా చేదనిపించలేదు. అదే నన్ను భయపెట్టింది.

కుప్పలోంచి నా వాటా పదకొండు వచ్చాయి. అవి మాత్రం ముట్టుకోలేదు. ఎప్పటిలాగే పంచాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

కితియోనె మీద పడుతుందని అనుకోలేదు. పడ్డాక నోరు రాలేదు. ప్రతి ఉదయం ఈరోజు చెబుతాను అనుకుని వెళతాను, ప్రార్థన చేసి వస్తాను. మొదటి ఉత్తరంలో బుట్ట సంగతి అంత వివరంగా ఎందుకు రాశానో అప్పుడు తెలియలేదు. నువ్వు కనుక్కుంటావని ఆశపడ్డానేమో.

కితియోనెకు ఆడపిల్ల పుట్టింది. మన ఊరినుంచి ఎవరూ వెళ్ళలేదు. నేను కూడా.

అక్క


బ్రిస్బేన్
1998 నవంబర్ 6

అక్కా,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు పాఠం చెప్పలేకపోయాను. మీరు తిన్నందుకు కాదు. నేను చిన్నప్పుడు ఎప్పుడైనా ఏ ముక్క తిన్నా, అది మీ ఆకులోంచి వచ్చిందేనని ఇప్పుడు తెలుస్తోంది.

ఇంకో సంగతి. ఎలేనోవా నిన్న నా గదికి వచ్చి ఏడ్చింది. కితియోనె భార్యను చర్చిలో ఎలా వెనక్కి నెట్టామో వాళ్ళమ్మ ఫోనులో గొప్పగా చెబుతుంటే వినలేక, నిజం చెప్పేసిందట. ఈ ఉత్తరంకంటే ముందే సేలా మీ గుమ్మంలో ఉంటుంది.

అక్కా, నేను చెప్పేది వినండి. మీరు ఒప్పుకోకండి. ఆరోజు ఉదయం రెండు బుట్టలు అల్లాననీ, ఒకటి కితియోనె భార్యకు ఇచ్చాననీ చెప్పండి. ఆవిడకు అప్పటికే నెలలు, వంగి అల్లలేకపోయింది అంటే ఎవరైనా నమ్ముతారు. ఊరు అతన్ని ఎలాగూ అంటూనే ఉంది. అతను వచ్చినవాడు, రేపు వెళ్ళిపోగలడు. మీరు వెళ్ళలేరు. మీరు తల వంచుకుంటే ఆ ఊళ్ళో మన ఇల్లు ఉండదు.

ఇలా రాస్తున్నందుకు సిగ్గుపడుతున్నాను. అయినా రాస్తున్నాను.

సెమీసీ


హాలాలోతో
1998 నవంబర్ 20

సెమీసీకి,

సేలా రావడం, నీ ఉత్తరం రావడం ఒకే రోజున జరిగాయి. నిన్న.

సేలా గడపలో కూర్చుంది. చాలాసేపు విసనకర్రతో విసురుకుంది.  చివరికి, "ఏమే కలోలైనె, ఆరోజు బుట్ట ఎవరికైనా అరువిచ్చావేమో గుర్తు తెచ్చుకో" అంది. తిట్టడానికి రాలేదు. అవునను అని బతిమాలడానికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు నా వెనక కూర్చుని పాడిన మనిషి.

"లేదు. నా బుట్టే" అన్నాను.

సేలా విసనకర్ర కింద పెట్టేసింది. "అయ్యో, ఇప్పుడు ఆ పిల్ల దగ్గరికి నేనేం ముఖం పెట్టుకుని వెళ్ళను! చాప లాక్కున్నానే!" అని ఏడ్చింది.

అది వెళ్ళాక నీ ఉత్తరం చదివాను. ఖాళీ బుట్ట పెట్టినప్పుడు కూడా నాకు ఇంత సిగ్గు వేయలేదు, తమ్ముడూ. నిజాన్ని పరీక్ష పెట్టి తూచేవాడివి. నువ్వు రాసింది పొయ్యిలో పెట్టాను. ఎవరికీ చూపించలేదు. దాని గురించి ఇక మాట్లాడను.

నిన్న సాయంత్రం మేనత్త ఫిఫితా అందరినీ పిలిచింది. నాన్నకు అక్క, ఆమె పిలిస్తే నేనైనా వెళ్ళాల్సిందే. ఆమె మంచం మీద, నేను లోపల చాప మీద, ఓఫా గోడకు ఆనుకుని. తలియాయి మర్యాద ప్రకారం గుమ్మం బయట మెట్టు మీద, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

జరిగింది మొత్తం చెప్పాను. కాళ్ళనొప్పుల ఆకుల సంగతి కూడా. ఓఫా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అత్త అడిగింది: "ఉప్పేశావా?"

"వేశాను."

"కొబ్బరిపాలు?"

"చిక్కగా పోశాను."

"మరి నన్నెందుకు పిలవలేదే? పళ్ళు లేనిదాన్ని, కహోకహో ఒక్కటే కదా నేను నమలగలిగేది!"

ఓఫాకు నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. తలియాయి మాత్రం నవ్వలేదు.

అత్త ముఖం మారింది. "పెండలం తినడం పాపం కాదు. కితియోనె పెళ్ళాన్ని జరిపేశాక కూడా ముందు కూర్చుని ఆమెన్ అన్నావు చూడు. అదే పాపం" అంది.



అప్పుడు తలియాయి మాట్లాడాడు. నాతో కాదు, అత్తతో, చీకటివైపు చూస్తూ. "అత్తా, నేను గోనె దించి దగ్గి వెళ్ళిపోతాను. ఇరవైఆరేళ్ళు. అక్క తింటోందనుకుని పండించాను. ఒక్కసారి కూడా తినలేదని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.  మెట్టుమీద మట్టి గోటితో గీకుతూ ఉండిపోయాడు.

కితియోనె ఇంటిముందు నేలమీద కూర్చుంటానని చెప్పాను. తలియాయి గిర్రున తిరిగాడు. "అక్కా? నేలమీదా? వాడి ముంగిట్లోనా? ఊరు ఏమంటుంది?" అన్నాడు.

"ఊరు బుట్టలు చదువుతుందిగా. ఇదీ చదువుకుంటుంది" అంది అత్త.

అందరం ప్రార్థన చేసుకున్నాం. ఈసారి అత్త చేసింది. తర్వాత ఇలా అనుకున్నాం.

రేపు శనివారం తెల్లవారగానే ఇంటిల్లిపాదీ కితియోనె దగ్గరికి వెళతాం. చిరిగిన పాత చాపలు కట్టుకుని, తప్పు ఒప్పుకున్న గుర్తుగా మెడలో ఇఫీ ఆకుల దండలు వేసుకుని, లోపలికి రమ్మనేదాకా నేలమీద కూర్చుంటాం. రమ్మనకపోతే ఆదివారం చర్చి వేళవరకూ అక్కడే. ముందు నేను. అత్త మోకాళ్ళు వంగవు, అయినా మోసుకెళ్ళమంది. అటకమీద పాత చాపలు ఓఫా అప్పుడే దించింది. "చేప విసిరేసింది నేను. అన్నిటికంటే చిరిగింది నాకు" అని తీసి పక్కన పెట్టుకుంది.

నువ్వు డిసెంబర్‌లో వచ్చి, నీ వంతు ఇరవైనాలుగు ఇళ్ళ ముందూ కూర్చోవాలి. మాట తప్పింది నువ్వు కదా. కితియోనె ఇంటిముందు కొంచెం ఎక్కువసేపు కూర్చో. ఎందుకో నీకు తెలుసు.

వచ్చే ఏటినుంచి కహోకహో గోనె విప్పగానే ఒకటి ఇంటికి ఉంచాలని తలియాయి పట్టుపట్టాడు. తలుపు తీసే ఉంచి వండుతాను. వాసన వచ్చినవాళ్ళు రావచ్చు.

తోటలో ఆలస్యంగా వచ్చినవి పది పెండలాలు మిగిలాయి. వాటిని కితియోనె బిడ్డకు తీసుకెళుతున్నాం. పాస్టరుగారి ఇంటిదగ్గర సరుకుల అట్టపెట్టె ఉంది, అందులో పెట్టుకెళదాం అన్నాడు తలియాయి. వద్దన్నాను. మట్ట కొట్టి తెమ్మన్నాను. బుట్ట నేనే అల్లుతాను. మీద ఆకు కప్పను.

అక్క